శీతల యంత్రముల పని మన పిల్లలకు నేర్పవలదా?

కూరగాయలును పూవులును పండించు రైతునకు పొలములోని కష్టము ఒక యెత్తు. కోత యైన పిదప వచ్చు కష్టము మరియొక యెత్తు. జొన్నలను, కందులను ఇంట పోసికొని ధర వచ్చువరకు వేచియుండవచ్చును. టమాటాకును గులాబికిని అంత ఓపిక లేదు. చేవెళ్ల, మొయినాబాదు మండలములలోని మన సభ్యులు సాయంకాలము కోసిన సరకును తెల్లవారకమునుపే బీజాపూరు రహదారిమీదుగా హైదరాబాదు చేర్చవలసియున్నది. గుడిమల్కాపూరు పూలమార్కెటునందు గాని, రైతుబజారునందు గాని ఆ యుదయము ధర పడిపోయినచో సరకును మరలించి యింటికి తెచ్చుట బండికిరాయికి కూడ దండుగ. అడిగిన ధరకు ఇచ్చివేయుటయే గతి. కొనువానికి ఈ సంగతి బాగుగా తెలియును. ఎండ యెక్కుకొలది బేరము వానివైపునకు మొగ్గును.

ఈ నష్టము కొలతకు అందనిది కాదు. లూధియానాలోని కేంద్రీయ కోతానంతర పరిశోధనా సంస్థవారు 2015లో ప్రకటించిన లెక్కప్రకారము దేశమున పండు టమాటాలో నూటికి 12.44 వంతులు వినియోగదారుని చేరకమునుపే నష్టమగుచున్నది. అనగా ఎనిమిది బుట్టలు కోసినచో ఒక బుట్ట నేలపాలే. ఆ సంవత్సరముననే దేశమునందలి శీతల వసతులనుగూర్చి నాబార్డు సలహాసంస్థవారు విచారణ జరిపిరి. పెద్ద శీతల గిడ్డంగులు ఇంచుమించు చాలినన్ని కలవనియు, అయితే పొలము దగ్గర సరకును ఏరి, కడిగి, చల్లార్చి, పెట్టెలలో సర్దు ప్యాక్ హౌసులు 70,000 కావలసియుండగా 249 మాత్రమే యున్నవనియు వారు తేల్చిరి. కొరత పట్టణమున కాదు, మన ఊరి మొదట నున్నది.

ఈ కొరతను తీర్చుటకు చిన్న శీతల గదులు, సౌరశక్తితో నడుచు పెట్టెగదులు వచ్చినవి. సబ్సిడీలు కలవు. 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద ప్రాథమిక సహకార సంఘములకు సహితము రెండు కోట్ల రూపాయలవరకు గల అప్పుపై నూటికి మూడు రూపాయల వడ్డీ రాయితీ పొందు వీలు కల్పింపబడినది. కావున గది కట్టుట అసాధ్యము కాదు. దానిని నడుపుటయే కష్టము. యంత్రము చెడునది సాధారణముగా ఏప్రిలు, మే నెలలలో. అది పట్టణమున ఇంటింట ఏ.సి.లు చెడు కాలము కూడ. అప్పుడు ముప్పది, నలువది కిలోమీటర్లు వచ్చి మన గదిని చూచు మెకానిక్కు దొరకడు. దొరకినను మూడవ దినమున వచ్చును. సరకు రెండవ దినముననే కుళ్లియుండును. ఇట్లు రెండుమారులు దెబ్బతిన్న రైతు మూడవమారు ఆ గదిని నమ్మడు. మేము గ్రామములు తిరుగునప్పుడు యంత్రము ఆగిపోయి ఎరువుల బస్తాలకు కొట్టుగా మారిన శీతల గదులను చూచియున్నాము.

కావున మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. శీతల యంత్రముల పనిని ఈ రెండు మండలముల ఉన్నత పాఠశాలలలోను జూనియరు కళాశాలలలోను మన పిల్లలకు నేర్పవలయును. ప్రభుత్వము చేయునని వేచియుండక సహకార సంఘములే ముందడుగు వేయవలయును.

ఈ పని యేమి?

శీతల యంత్రము చల్లదనమును తయారుచేయునని చాలమంది తలంతురు. అది గదిలోని వేడిని ఎత్తి బయట పారబోయును, అంతియే. వేసవిలో క్రొత్త కుండలోని నీరు చల్లబడుట మన మెరిగినదే. కుండ చెమర్చును; ఆ చెమ్మ ఆవిరియగుటకు కావలసిన వేడిని లోపలి నీటినుండి తీసికొనును. యంత్రములోను జరుగునది ఇదియే. గదిలోపలి గొట్టములలో ఒక ద్రవము ఆవిరియగుచు గదిలోని వేడిని పీల్చుకొనును. ఆ యావిరిని కంప్రెసరు నొక్కి బయటి గొట్టములలోనికి పంపును. అచ్చట గాలి తగిలి, వేడిని విడిచి, అది మరల ద్రవమగును. పిదప సన్నని దారిగుండ లోపలికి వచ్చును. కుండమీది చెమ్మ గాలిలో కలిసిపోవును; యంత్రములోని ద్రవము ఎచ్చటికిని పోక తిరుగుచుండును.

ఈ మాత్రము తెలిసిన రైతు మోసపోడు. గ్యాసు నూనెవలె ఖర్చగు వస్తువు కాదు. అది తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదన్నమాట. కారుచోటు వెదకక ప్రతి వేసవిలోను క్రొత్త గ్యాసు నింపి డబ్బు తీసికొనువాడు సగము పనియే చేయుచున్నాడు. సబ్బునీటితో కారుచోటు కనిపెట్టి, అతికి, గొట్టములలోని గాలిని తేమను వ్యాక్యూమ్ పంపుతో లాగివేసి, తూకము ప్రకారము గ్యాసు నింపినవాడే పూర్తి పనివాడు.

ఇక యంత్రము ఎంతది కావలెనన్న ప్రశ్న కలదు. ఇది పదవ తరగతి లెక్క. ఒక టన్ను టమాటా 34 డిగ్రీల వేడితో పొలమునుండి వచ్చినదనుకొందము. దానిని 14 డిగ్రీలకు దింపవలెను. ఒక కిలో టమాటాను ఒక డిగ్రీ దింపుటకు సుమారు 4 కిలోజౌళ్ల వేడి తీయవలసియుండును. కావున 1,000 కిలోలను 20 డిగ్రీలు దింపుటకు 80,000 కిలోజౌళ్లు. ఆరు గంటలలో పని కావలెనన్నచో గంటకు 13,333. అంగడిలో ‘ఒక టన్ను ఏ.సి.’ యన్నప్పుడు ఆ టన్ను యంత్రము బరువు కాదు. అమెరికా కొలతలో ఒక టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరగుటకు పట్టునంత వేడిని లాగు శక్తి అది. గంటకు సుమారు 12,660 కిలోజౌళ్లు. కావున ఈ సరకునకే ఒక టన్నుకు మించిన యంత్రము కావలెను. గోడలనుండి, తలుపునుండి వచ్చు వేడిని, కాయలు శ్వాసించుటచే పుట్టు వేడిని దీనికి చేర్చుకొనవలెను. ఉన్నత పాఠశాల సైన్సు పుస్తకములలో విశిష్టోష్ణము, బాష్పీభవనము అను పాఠములు చదివిన బాలుడు ఈ లెక్క తన తండ్రికి చేసి చూపగలడు. చూపువాడు లేనప్పుడు తండ్రి వర్తకుడు చెప్పిన యంత్రమునే కొనును.

రైతు బిడ్డయే యేల?

పట్టణమున ఇంటి ఏ.సి. బాగుచేయువానికి గది చల్లబడిన చాలును. పంటకు అది చాలదు. గులాబి 2 మొదలు 4 డిగ్రీల వద్ద నిలుచును. ఆకులు కోసిన క్యారెట్టు 0 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ నూటికి 95కు పైగా నున్నచో, నెలలతరబడి చెడదు. టమాటాను అదే గదిలో పెట్టినచో పాడగును. 10 డిగ్రీలకు దిగువను కొన్ని దినములున్న పచ్చికాయ పిదప సరిగా పండదు; రుచి పోవును; మచ్చలు పడును. వంకాయ, బెండ, దోస కూడ చలికి ఓర్వనివే. మరియు పండు టమాటా విడుచు ఇథిలీను వాయువు ప్రక్కనున్న క్యారెట్టును చేదెక్కించును. ఇవి తెలియని మెకానిక్కు ‘చల్లగా నున్నది కదా’ యని చెప్పి పోవును. నష్టము వారము పిదప బయటపడును.

మన పిల్లలకు ఇందు సగము ముందే తెలియును. ఏ కాయ దోరగా నున్నదో, ఏ మొగ్గ కోతకు వచ్చినదో వారికి వేరుగా నేర్పనక్కరలేదు. పాలీహౌసులలో గులాబి, జెర్బెరా పెంచు ఇండ్ల పిల్లలు వేడిని, తేమను కనిపెట్టి తెరలు ఎత్తుట, తుంపరలు వదలుట ప్రతిదినము చూచుచున్నారు. అది కూడ ఈ విద్యలోని భాగమే. మిగిలిన సగమును, అనగా యంత్రముగూర్చినదానిని, నేర్పుటయే పాఠశాల పని.

పెద్ద మరమ్మతులకన్న చిన్న కాపుదలయే యంత్రమును నిలుపును. ట్రాక్టరు దుమ్ము, పొట్టు బయటి రేకుల సందులలో నిండినచో వేడి పోవు దారి మూసికొనిపోయి కంప్రెసరు కాలిపోవును. లోపలి గొట్టములపై మంచు పేరుకొన్నచో అది దుప్పటివలె కప్పి చలిని గదిలోనికి రానీయదు. తలుపు రబ్బరు చినిగినచో కరెంటు బిల్లు పెరుగును. ఈ మూడింటిని వారమున కొకమారు చూచుకొనుటకు డిగ్రీలు అక్కరలేదు. చూచుకొను మనిషి ఊరిలో ఉండవలెను.

ఈ కాలమున క్రొత్త చిక్కు

పూర్వము షాపులో మేస్త్రీ ప్రక్కన నిలిచి ఈ పని నేర్చుకొనెడివారు. ఇప్పుడు అది చాలదు. ఓజోను పొరను కాపాడుటకు 1987లో జరిగిన మాంట్రియలు ఒడంబడిక ననుసరించి పాత యంత్రములలోని ఆర్-22 గ్యాసును 2030 నాటికి చాలవరకు తొలగింపవలసియున్నది. భూమి వేడెక్కుటను తగ్గించుటకు 2016లో కిగాలీ నగరమున జరిగిన సవరణను మన దేశము 2021లో ఆమోదించినది. వీనివలన క్రొత్త గ్యాసులు వచ్చుచున్నవి. వానిలో ఆర్-32 కొంచెముగను, ఆర్-290 యను ప్రొపేను మిక్కిలిగను మండు స్వభావము గలవి. పాత అలవాటుతో వీనియెదుట మంట వెలిగించినవాడు ప్రాణమునకే తెచ్చుకొనును. 2019లో ప్రకటింపబడిన భారత శీతలీకరణ కార్యప్రణాళిక 2022-23 నాటికి లక్షమంది పనివారికి శిక్షణనిచ్చి పత్రములీయవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. దీనిబట్టి ఈ పనికి క్రమమైన చదువు ఎంత అవసరమో తెలియుచున్నది.

ఈ విద్య మన ప్రాంతమునకు పరాయిది కాదు. 1842లో మద్రాసు సముద్రతీరమున కట్టిన ఐస్ హౌసు అమెరికానుండి ఓడలలో వచ్చు మంచుగడ్డను దాచుటకు ఏర్పడినది. అట్లు మంచును దిగుమతి చేసికొన్న కాలమునుండి నూరేండ్లు గడచునప్పటికి, 1942లో, హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్సు స్థాపింపబడినది. సనత్‌నగరమందలి ఆ కర్మాగారము బస్సుల బాడీలతోబాటు రిఫ్రిజిరేటర్లను తయారుచేసి దేశమునందంతట అమ్మెను. 1990 తరువాతి సంవత్సరములలో ఆ విభాగము వోల్టాసు చేతికి పోయినది. అయినను శీతల యంత్రము చేయగల చేతులు మన ప్రక్క ఊరిలోనే యుండెననుట మరువరాదు.

పాఠశాలలో ఎంత, పిదప ఎంత?

పదవ తరగతి ప్యాసైనవారికి ఐ.టి.ఐ.లలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ అను రెండేండ్ల ట్రేడు కలదు. కాని దానిని కోరి చేరువారు మన ఊళ్లనుండి స్వల్పము. ఆ పని యెట్టిదో చూచియుండని పిల్లవాడు దానిని ఎట్లు కోరును? 2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ లోపమును గుర్తించినది. 19 మొదలు 24 ఏండ్ల వయస్సుగల పనివారిలో క్రమమైన వృత్తివిద్య పొందినవారు మన దేశమున నూటికి ఐదుగురికన్న తక్కువయనియు, జర్మనీలో 75 మంది, దక్షిణ కొరియాలో 96 మంది యనియు అందు వ్రాయబడియున్నది. ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేకుండ స్థానిక పనివారియొద్ద పని చూచుటకు కూడ అది సూచించినది. ఆ పది దినములలో రెండు దినములు సంఘపు శీతల గదియొద్ద గడపిన నేమి?

అయితే వయస్సును మరువరాదు. పదునెనిమిది నిండని పిల్లలను అపాయకరమైన పనులలో పెట్టుటను చట్టము నిషేధించుచున్నది, న్యాయమును అదియే. కరెంటు ఆపిన పిదపను కెపాసిటరు షాకు కొట్టగలదు. ద్రవరూపమున నున్న గ్యాసు చేతిపై పడినచో చర్మము గడ్డకట్టి చచ్చును. కావున తొమ్మిది, పది తరగతులలో థర్మామీటరు పెట్టుట, తేమ కొలుచుట, వేడి లెక్క వేయుట, కరెంటు బిల్లు చదువుట, చెడిన పాత యంత్రమును విప్పి భాగములను గుర్తించుట - ఇవి చాలును. అతుకు పనియు, గ్యాసు నింపుటయు ఐ.టి.ఐ.లో, శిక్షకుని కండ్లయెదుట నేర్పవలెను. చౌకగా పనివారు దొరకుదురని బడిపిల్లలచే మరమ్మతులు చేయించుటకు ఏ సంఘమును పూనుకొనరాదు.

సభ్యుల సందేహములు

‘మా వాడు ఇంజనీరు కావలెను, మెకానిక్కు కారాదు’ అని కొందరు తండ్రులు అందురు. ఒకదాని వలన రెండవది చెడదు. ఇంటర్మీడియటులో వృత్తివిద్య చదివినవారికి బ్రిడ్జి కోర్సు పరీక్షల ద్వారా పైచదువులకు పోవు దారి కలదు. ఐ.టి.ఐ. ముగించినవారు పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరమున చేరవచ్చును. మార్కులు తక్కువ వచ్చినవారిని మాత్రమే ఈ పనికి త్రోయు ఉపాధ్యాయులుందురు. అది పనిని, పిల్లవానిని ఇద్దరినీ అవమానించుట. పైన చూపిన లెక్క మందమతికి సాధ్యమా?

‘నేర్చినవాడు పట్టణమునకు పోవును’ అని మరికొందరి భయము. కొందరు పోవుదురు, పోయి బ్రతుకుట తప్పు కాదు. కాని ఇచ్చటను పని తక్కువ కాదు. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున టీకాలు 2 మొదలు 8 డిగ్రీల మధ్య నుండవలెను. పాల కేంద్రమున పాలు 4 డిగ్రీలకు చల్లారవలెను. మొయినాబాదు చుట్టుపట్ల ఫామ్ హౌసులు, కల్యాణమంటపములు, కళాశాలలు ఎన్ని వెలసినవో అందరికి తెలియును. వానిలోని యంత్రములను చూచుటకు నేడు వచ్చువారు పట్టణమువారే. ఇంటి ఏ.సి. పని వేసవిది, శీతల గది పని పండ్రెండు నెలలది.

‘ఆడపిల్లలకు ఈ పని యేల?’ అని అడుగువారు పూలకోతయు, కాయల ఏరివేతయు ఎవరు చేయుచున్నారో ఒకమారు చూడవలెను. సరకు గుణము ఎరిగిన చేతులవి. గది వేడిమి వ్రాసి యుంచుట, సరకు లెక్క చూచుట, యంత్రపు కాపుదల వారికి తగని పని యెట్లగును?

అన్నింటికన్న పెద్ద మాట భూమిది. జంట జలాశయములను కాపాడుటకై 1996 మార్చి 8 నాటి 111 సంఖ్యగల ప్రభుత్వపు ఉత్తరువు 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను నిషేధించినది. ఈ రెండు మండలముల గ్రామములనేకము వానిలోనివి. 2022లో ఆ నిబంధనలను సడలించుచు వేరొక ఉత్తరువు వెలువడినది. ఈ నడుమ మన కుర్రవారికి ఫ్యాక్టరీ పని దొరకలేదు. భూమి ధర మాత్రము పెరిగినది. సేద్యము గిట్టుబాటు కాదని తండ్రి ఎకరము అమ్మును. కొడుకు మోటారు సైకిలు కొని పట్టణమున పొట్లములు చేరవేయు పనికి పోవును. ఆ సొమ్ము ఎంతకాలము నిలుచునో మనము చూచుచునే యున్నాము. సరకును రెండు దినములు నిలుపుకొనగల రైతు ధర అడుగగలడు. ధర వచ్చిన రైతు భూమి అమ్మడు. శీతల గదికిని, ఊరిలో భూమి నిలుచుటకును ఇంత సంబంధమున్నది.

సంఘములు చేయదగినది

సహకార సంఘమునకు యంత్రము తెలిసినవాడు ఎంత బలమో ఆనందు చరిత్ర చెప్పును. నేటి గుజరాతునందలి ఖేడా జిల్లా పాల సంఘము 1946లో త్రిభువనదాసు పటేలు నాయకత్వమున ఏర్పడినది. 1949లో ఆనందునకు ఉద్యోగముపై వచ్చిన వర్గీసు కురియను ఇంజనీరు. సంఘముతో ఆయన సంబంధము దాని పాత యంత్రములను సరిచేయుటకు సాయపడుటతో మొదలైనది. సభ్యుల ఐకమత్యము, నాయకుని నిజాయితీ, యంత్రజ్ఞుని నేర్పు - ఈ మూడును కూడినందుననే ఆ సంఘము నిలిచినది. మన సంఘములలో మొదటి రెండు ఉన్నచోటను మూడవది లేదు.

కావున ఈ క్రింది పనులను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. మొదటిది: చేవెళ్ల, మొయినాబాదులందలి ప్రభుత్వ పాఠశాలలలోను జూనియరు కళాశాలలలోను ఈ విషయము ప్రవేశపెట్టవలెనని తీర్మానము చేసి జిల్లా విద్యాధికారులకును, ఇంటర్మీడియటు బోర్డువారికిని పంపుట. రెండవది: ఇకమీదట సంఘము కట్టు ప్రతి శీతల గదియొద్దను పిల్లలు నిలిచి చూచుటకు వీలుగా యంత్రమును అమర్చి, గోడపై వేడిమి, తేమ వ్రాయు పలక పెట్టుట. మూడవది: ప్రతి సంవత్సరము ఇద్దరు యువకులను గాని యువతులను గాని ఐ.టి.ఐ.కి పంపి, ఖర్చులకు తక్కువ వడ్డీపై అప్పు నిచ్చుట. చదువు ముగించి రెండేండ్లు సంఘపు గదులను చూచినవారికి ఆ యప్పు మాఫీ చేయుట. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద వారిని తీసికొనుటకు వీలగునేమో విచారింపవచ్చును. నాలుగవది: వ్యాక్యూమ్ పంపు, గేజీలు, తూకపు యంత్రము, కారు వాయువు కనిపెట్టు పరికరము రెండు మూడు సంఘములు కలిసి కొనుట. ఇవి ఒక యువకుని స్తోమతకు మించినవి. సంఘములు పంచుకొన్నచో భారము కాదు.

క్రొత్త గది కట్టుటకు అప్పు కోరు సంఘమును మేము ఇకమీదట ఒక ప్రశ్న అడుగుదుము: యంత్రము చెడిన దినమున దానిని బాగుచేయు మీ ఊరివాని పేరేమి? ఆ ప్రశ్నకు జవాబు లేనిచో గదికి పునాది తీయకమునుపు ఆ మనిషిని తయారుచేయుట మేలు. వేసవి ప్రతి యేట వచ్చును. పదవ తరగతి పరీక్షలు ముగియు కాలమును అదియే. ఈ సంవత్సరము మీ ఇంట ఆ పరీక్ష వ్రాయు బిడ్డ యున్నచో, ఫలితములు వచ్చులోపల ఒకనాడు దగ్గరలోని ఐ.టి.ఐ.కి తీసికొనిపోయి ఆ పని చూపుడు. బిడ్డకు నచ్చినచో సంఘపు కార్యదర్శికి తెలియజేయుడు.